వార్తలకు కొలత

ధాన్యమును తూకముతోను, గుడ్డను మీటరుతోను కొలుచుట అందరెరిగినదే. వార్తలను కొలుచుట మాత్రము పెక్కుమందికి వింతగా తోచును. కాని అట్టి కొలతయు కలదు. దాని యవసరమును కలదు.

కలికిరి, మదనపల్లె ప్రాంతములందు టమాటా ముఖ్యమైన పంట. ధర పడిపోయినపుడు ఒక రైతు, "మా కష్టములు టెలివిజను వార్తలలో కనబడుట లేదు" అని వాపోవచ్చును. మరియొకరు, "దినదినము చూపుచునే యున్నారు గదా!" అని బదులు చెప్పవచ్చును. ఎవరి మాట నిజము? ఎవరికి పట్టిన వార్త వారి మనస్సున నిలుచును గనుక, జ్ఞాపకమును నమ్మి తీర్పు చెప్పరాదు. లెక్కించి చూడవలెను.

భారతదేశమున టెలివిజను ప్రసారములు 1959లో ఢిల్లీయందు ఆరంభమైనవి. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసినది. నేడు తెలుగున రేయింబవళ్లు వార్తలు చెప్పు చానళ్లు పెక్కు కలవు. అన్నిటిని చూచుట అసాధ్యము. కావున పరిశోధకులు కొన్ని దినములను ఎన్నుకొందురు. ఆదివారములనే ఎన్నుకొన్నచో, కార్యాలయములు మూసియుండు దినపు వార్తలే లభించును. అందుచే ఒక వారమునుండి సోమవారమును, వేరొక వారమునుండి మంగళవారమును తీసికొని, ఇట్లు ఏడు దినములను కూర్చుకొందురు.

పిమ్మట ప్రతి వార్తకు పట్టిన కాలమును గుర్తింతురు. ప్రకటనలు లేని అరగంట వార్తలలో 1800 సెకండ్లు కలవు. అందు వ్యవసాయమునకు 90 సెకండ్లు దక్కినచో, దాని వంతు నూటికి 5. వార్తల సంఖ్యను మాత్రమే లెక్కించినచో, పది సెకండ్ల మాటయు మూడు నిమిషముల కథనమును సమానములగును.

అసలు చిక్కు విషయనిర్ణయమున కలదు. గిట్టుబాటు ధర లేక రైతులు టమాటాలను రోడ్డుపై పారబోసిరి, రాకపోకలు నిలిచినవి, పోలీసులు వచ్చిరి. ఇది వ్యవసాయ వార్తయా, వ్యాపార వార్తయా, శాంతిభద్రతల వార్తయా? అందుకే ముందుగా నియమములు వ్రాసికొనవలెను. ఎక్కువ కాలము ఏ విషయమునకు వినియోగింపబడెనో ఆ వర్గమున చేర్చవలెననుట అట్టి నియమము. వార్తలను ఇట్లు వర్గములుగా విభజించువారిని కోడర్లందురు. ఇద్దరు కోడర్లు అవే వార్తలను, ఒకరితో నొకరు సంప్రదింపక, వేర్వేరుగా విభజింపవలెను.

ఇద్దరును 100 వార్తలను చూచి, ఒక్కొక్కరు 10 వార్తలను వ్యవసాయమున చేర్చిరనుకొనుడు. వానిలో 5 మాత్రమే ఇద్దరికిని ఉమ్మడివి. వ్యవసాయము కాదని ఇద్దరును విడిచినవి 85. అనగా 90 వార్తలలో వారు ఏకీభవించిరి. ఇది గొప్పగా తోచును. కాని వార్తలను చూడకయే గ్రుడ్డిగా పదేసి ఏరినను, సగటున 1 వార్త ఇద్దరి ఏరికలోను పడును. 81 ఎవరి ఏరికలోను పడవు. ఈ 82 వార్తల పొత్తు కాకతాళీయము. మిగిలిన 18లో వారు శ్రద్ధవలన సాధించినది 8, అనగా 0.44 మాత్రమే. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేకబ్ కోహెన్ 1960లో ఈ గణనను ప్రతిపాదించెను. దీనికి కప్పా యని పేరు. సంపూర్ణమైన ఏకీభావమునకు కప్పా విలువ 1. సాధారణముగా 0.80కి చేరువైన విలువను పరిశోధకులు కోరుదురు.

కప్పా తక్కువైనపుడు కోడరును నిందించుట తగదు. నియమమును స్పష్టపరచి, క్రొత్త వార్తలపై మరల పరీక్షింపవలెను. ఏకీభావ మొక్కటియే సత్యము కాదు. నియమమే తప్పైనచో ఇద్దరును ఒకే తప్పు చేయుదురు. రైతు ఫిర్యాదు నిజమైనను కాకున్నను, ఎవరు కొలిచినను ఒకే ఫలితము నిచ్చు కొలత ఉన్నపుడే దానిని పదిమంది ముందు నిలిపి తేల్చవచ్చును.