సేద్యపు చదువు – జీవనమార్గములు

సేద్యము చేయుటకు చదువేల, చదివినవాడు మరల మట్టిలోకి పోవనేల యని మనలో ననేకులు తలంతురు. ఈ తలంపు సరికాదని మనవి చేయుచున్నాను.

స్వర్ణ వరినే చూడుడు. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధనాస్థానమున రెండు వంగడములను సంకరపఱచి, ఏండ్ల తరబడి యేఱి, 1982లో దానిని విడుదల చేసిరి. అట్లు ఏఱుటయే కొందఱకు వృత్తి. మొలకశాతమును, భూసారమును పరీక్షించుట, తెగుళ్లను గుర్తించుట, ధాన్యపు తేమ కొలిచి గిడ్డంగిలో భద్రపఱచుట – ఇవియు వృత్తులే.

పదవ తరగతి ముగిసినవారికి వ్యవసాయ పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా కలదు. ఇంటర్మీడియెట్ పిమ్మట, 1945లో వెలసిన బాపట్ల కళాశాల వంటి చోట్ల నాలుగేండ్ల పట్టము కలదు. పశువైద్యమునకు తిరుపతి, ఉద్యానవిద్యకు వెంకటరామన్నగూడెము, అటవీవిద్యకు సిద్దిపేట జిల్లా ములుగు కలవు.

గట్టుమీద పెరిగిన బిడ్డ ఆకు రంగును బట్టి పైరు ఆకలి నెఱుగును. ఆ యెఱుకకు శాస్త్రము తోడైనచో ఊరికే మేలు. అట్టివారందఱు పట్టణములకు తరలినచో, మన పొలమునకు తెగులు సోకిన నాడు ఎవరి నడుగుదము? కావున కొడుకైనను కూతురైనను ఈ చదువు కోరినచో వారింపకుడు.