ఎక్స్‌ఎంఎల్ నిజంగా పోయిందా? స్ప్రింగ్ కాన్ఫిగరేషన్: అపోహలు – వాస్తవాలు

భోగాపురం నుంచి బస్సెక్కి విశాఖలో జావా కోర్సులకు వెళ్లే పిల్లలు ఇంటర్వ్యూల కోసం స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ గురించి కొన్ని మాటలు బట్టీ పడుతున్నారు. వాటిలో తప్పులున్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇబ్బంది పెట్టేవి అవే.

అపోహ: ఎక్స్‌ఎంఎల్ కాలం చెల్లింది, నేర్చుకోనక్కర్లేదు.

వాస్తవం: 2004లో స్ప్రింగ్ 1.0 వచ్చినప్పుడు ఏ క్లాసుకు ఏది అందించాలో ప్రధానంగా ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోనే రాసేవారు. 2007లో 2.5తో ఆటోవైర్డ్ అనొటేషన్, 2009లో 3.0తో జావా క్లాసుల్లోనే కాన్ఫిగరేషన్ రాసే పద్ధతి వచ్చాయి. పాతదాన్ని మాత్రం తీసెయ్యలేదు. 2022 నాటి స్ప్రింగ్ 6 కూడా ఎక్స్‌ఎంఎల్ చదువుతుంది. ఏళ్లనాటి ప్రాజెక్టు చేతికొస్తే ఆ ఫైళ్లు చదవక తప్పదు. ఒకే ప్రాపర్టీని అనొటేషన్‌తోనూ, ఎక్స్‌ఎంఎల్‌లోనూ ఇస్తే చివరికి నిలిచేది ఎక్స్‌ఎంఎల్‌లో రాసిందే.

అపోహ: అనొటేషన్ పెడితే చాలు, మిగతాది స్ప్రింగే చూసుకుంటుంది.

వాస్తవం: జీడిపప్పు వ్యాపారికి బిల్లుల ప్రోగ్రాం రాస్తున్నామనుకోండి. బిల్లవగానే కొన్నవారికి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. మెసేజ్ సెండర్ అనే ఇంటర్‌ఫేస్, దానికి ఎస్సెమ్మెస్ క్లాసు, పైన కాంపోనెంట్ అనొటేషన్. బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు వ్యాపారి వాట్సాప్ కూడా కావాలంటాడు. అదే ఇంటర్‌ఫేస్‌తో ఇంకో క్లాసు రాసి, దానికీ కాంపోనెంట్ పెడతాం. అంతే, అప్లికేషన్ లేవదు. ఇద్దరిలో ఎవరిని ఇవ్వాలో స్ప్రింగ్‌కు తెలియదు, పేరును బట్టి పోల్చుకునే వీలు కూడా లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఒకదానికి ప్రైమరీ అని పెట్టాలి, లేదా అడిగేచోట క్వాలిఫయర్‌తో చెప్పాలి. ఇక వేరేవాళ్ల లైబ్రరీలోని క్లాసుపై మన అనొటేషన్ ఎలా అంటిస్తాం? దానికి కాన్ఫిగరేషన్ క్లాసులో ఆ ఆబ్జెక్టును (బీన్‌ను) తయారుచేసి ఇచ్చే బీన్ మెథడ్ రాయాల్సిందే.

నా మట్టుకు, కావలసినవన్నీ కన్‌స్ట్రక్టర్‌లో అడగడమే మేలు. కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే 4.3 నుంచి ఆటోవైర్డ్ కూడా రాయక్కర్లేదు. స్ప్రింగ్ లేకుండానే టెస్టు చేసుకోవచ్చు.

అపోహ: ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటే ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు.

వాస్తవం: ఆ ఫైలు సాధారణంగా జార్‌లోనే ఉంటుంది. మార్చినా అప్లికేషన్‌ను మళ్లీ స్టార్ట్ చేయాల్సిందే. ఊరూరికీ, సర్వర్ సర్వర్‌కీ మారేది క్లాసుల కూర్పు కాదు, డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డ్, పోర్టు. వాటిని బయట ఉంచాలి. స్ప్రింగ్ బూట్‌లో ప్రాపర్టీస్ ఫైలు కన్నా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ది, దానికన్నా కమాండ్ లైన్లో ఇచ్చినదానిది పైచేయి. పాస్‌వర్డ్‌ను దయచేసి గిట్‌లోకి ఎక్కించకండి.

అపోహ: స్ప్రింగ్ బూట్‌లో కాన్ఫిగరేషనే ఉండదు.

వాస్తవం: ఉంటుంది, 2014లో బూట్ 1.0 వచ్చినప్పటి నుంచీ. మన బదులు వాళ్లు రాసిపెట్టారంతే. ఫలానా లైబ్రరీ ఉండి, మీరు సొంతంగా ఆ బీన్ రాయకపోతేనే అది తయారవుతుంది. మీరు రాసుకుంటే వాళ్లది తప్పుకుంటుంది. అప్లికేషన్‌ను డీబగ్ ఆప్షన్‌తో నడిపితే ఏ షరతు నెగ్గిందో, ఏది వీగిపోయిందో వరసగా చూపిస్తుంది.