మీకు తెలుసా? మంటలోంచి నీళ్లు!

ఇల్లులా వాడుకునే మోటార్‌హోమ్ బండిలో పొయ్యి మీద కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోలకు పైగా నీరు పుడుతుంది. అవును, కాల్చిన గ్యాస్ కన్నా వచ్చిన నీటి బరువే ఎక్కువ! గ్యాస్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది మరి. ఆ లెక్కన 9 కిలోల ప్రొపేన్ సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 15 లీటర్ల నీరు పుట్టినట్టే. బండికి బిగించిన గ్యాస్ హీటర్ తన ఆవిరిని గొట్టం గుండా బయటికి పంపేస్తుంది. పొయ్యి అంతా లోపలే వదులుతుంది. లోపల 20 డిగ్రీల వెచ్చదనం, 50 శాతం తేమ ఉన్నప్పుడు కిటికీ అద్దం 9 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీటి బొట్లు పట్టేస్తాయి. ఎంత చలైనా సరే, వండేటప్పుడు పైకప్పు ఫ్యాన్ వేసి, ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించుకోవడం మాత్రం అసలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలకే ముప్పు.