ముఖాస్థుల శస్త్రచికిత్స

అవుకు, బనగానపల్లె పరిసరాలలో నాపరాతి గనులు విస్తారం. రాతిచెక్క ఎగిరి తగిలినా, ద్విచక్ర వాహనం అదుపు తప్పినా ముఖాస్థులకు ముప్పు. పైకి గాయం చిన్నదైనా లోపల దవడ విరిగి ఉండవచ్చు. "పళ్ళు మునుపటివలె కలుస్తున్నాయా?" అని వైద్యుడు అడుగుతాడు. కలవకపోతే ఎముక స్థానం తప్పిందని అనుమానించాలి. దానిని సరిచేసేటప్పుడు కూడా పలువరుసే కొలబద్ద.

తొలగిన దవడను కాపి, సరిచేసి, కట్టుకట్టే విధానం సుశ్రుతసంహితలోనే ఉంది. పై దవడ ప్రధానంగా మూడు రేఖల వెంబడి చీలుతుందని ఫ్రెంచి వైద్యుడు రెనే లె ఫోర్ 1901లో శవాల తలలపై దెబ్బలు వేసి నిరూపించాడు. వింటే ఒళ్ళు జలదరిస్తుంది గాని, నేటికీ ఆ రేఖలను ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

పూర్వం రెండు దవడలనూ తీగలతో బిగించి, నాలుగు నుండి ఆరు వారాలు నోరు తెరవనిచ్చేవారు కారు. గంజి, పాలే ఆహారం. ఇప్పుడు చాలా సందర్భాలలో నోటి లోపలినుండే కోసి, విరిగిన ముక్కలను టైటానియం పలకలతో, మరలతో బిగిస్తున్నారు. అందువలన ముఖంపై మచ్చ పడదు. వంకరగా పెరిగిన దవడనూ కోసి, జరిపి, ఇట్లే బిగిస్తారు. అయితే సాధారణంగా ఎదుగుదల ముగిసేవరకు ఆగుతారు.

ఆసుపత్రికి చేరేలోపు అసలు భయం ఎముకను గురించి కాదు, ఊపిరిని గురించి. కింది దవడ రెండువైపులా విరిగితే నాలుక వెనక్కు జారి శ్వాసమార్గాన్ని మూయగలదు. స్పృహ ఉన్నవారిని ముందుకు వంగి కూర్చోనివ్వాలి. స్పృహ లేనివారిని మెడ మెలిపడకుండా పక్కకు తిప్పాలి. ఊడిన పంటిని వేరు తాకకుండా పట్టుకొని, పాలలో ఉంచి వెంట తీసుకొనిపోవాలి.