చిత్త క్రింద దాగిన చీకటి

పంచాంగం చూచేవారికి చిత్తను పరిచయం చేయనక్కర లేదు. మే నెల నడుమ, రాత్రి పదిగంటలు దాటినాక, మా పావగడ తాలూకాలో ఏ మిద్దె ఎక్కినా ఆ తెల్లని నక్షత్రం దక్షిణాన బాగా ఎత్తున ఉంటుంది. అక్కడినుండి చూపు నేరుగా క్రిందికి దించండి. దిగంతానికి సగం దారి దాటగానే మసకగా ఒక చుక్క తోస్తుంది. వెన్నెల ఉండరాదు, కొండగాని వీధిదీపాలుగాని అడ్డువస్తే ఊరు దాటి పోవలసిందే.

అది ఒక్క చుక్క కాదు, సుమారు కోటి నక్షత్రాల గుంపు. పేరు ఒమేగా సెంటారీ. దూరం దాదాపు 18,000 కాంతి సంవత్సరాలు. దాని నడుమ కృష్ణబిలం ఉన్నదా లేదా అన్నదే నేటి తగవు.

వెలుతురును సైతం వెలికి పోనీయని బరువుముద్దను కృష్ణబిలమంటారు. పెద్ద నక్షత్రాలు చచ్చి పుట్టినవి సూర్యునికి కొన్ని రెట్లు మొదలు నూరు రెట్ల దాకా తూగుతాయి. మన పాలపుంత నడుమనున్నదో, 43 లక్షల సూర్యుల బరువు! ఈ రెంటికీ మధ్యరకం చిక్కుట బహు అరుదు. 2019 మే 21న అందిన గురుత్వ తరంగాలు 142 సూర్యులంత బిలం ఒకటి పుట్టినదని తెలిపినవి గాని, అది గడపవద్ద నిలిచినది మాత్రమే. పెద్దవి చిన్నవాటినుండే పెరిగినవైతే, ఎదుగుతూ ఆగిపోయినవి ఎక్కడో మిగలాలి గదా!

ఒమేగా సెంటారీ ఒకప్పుడు వేరొక చిన్న నక్షత్రవీధికి నడిబొడ్డనీ, పాలపుంత మింగగా మిగిలినదనీ పలువురి ఊహ. అందుకే అక్కడ వెదకుతున్నారు.

2024 జులైలో జర్మనీ దేశపు హైడల్‌బర్గ్‌లోని మాక్సిమిలియన్ హేబర్లే బృందంవారు తమ ఫలితం ప్రకటించినారు. హబుల్ దూరదర్శిని ఇరవై ఏండ్లకు పైగా తీసిన 500కు మించిన ఛాయాచిత్రాలనుండి 14 లక్షల నక్షత్రాల కదలికను కొలిచినారు. ఎంత ఓపిక! నట్టనడుమ ఏడు నక్షత్రాలు సెకండుకు 62 కిలోమీటర్లను మించి పరుగెత్తుతున్నవి. ఆ వేగానికి అవి గుంపు విడిచి పోవాలి, పోలేదు. ఉరికే ఎద్దు పొలం దాటలేదంటే పలుపు ఏదో గుంజకు కట్టి ఉన్నట్టే. ఆ గుంజ 8,200 సూర్యుల బరువుకు తగ్గదని వారి లెక్క.

అందరూ ఒప్పుకొనలేదు. చిన్న బిలాల మంద ఉన్నా చాలునని కొందరంటారు. ఎక్స్ కిరణాలలో, రేడియోలో వెదకినా జాడ దొరకలేదు. 47 టుకానే అనే మరో గుంపులో 2017లో చెప్పిన 2,200 సూర్యుల లెక్కకూ ఇటువంటి ఆక్షేపణే వచ్చినది. మాకు మాత్రం ఆ ఏడింటి సాక్ష్యం గట్టిదనిపిస్తున్నది.

ఇంతవరకు తెలిసినది ఆ చుక్కల అడ్డపు కదలిక. మనవైపు వస్తున్నవా, దూరం పోతున్నవా అన్నది జేమ్స్ వెబ్ దూరదర్శినితో కొలవాలని ఆ బృందంవారు సంకల్పించినారు.