పొరక మీద హైకూ, చెప్పు మీద పద్యం

వేమన పద్యానికి నాలుగు పాదాలు. నాలుగోది మకుటం కాబట్టి చెప్పదలచిందంతా మూడు పాదాల్లో తేలిపోవాలి. హైకూకీ మూడే పాదాలు! చెప్పులో ఇరుక్కున్న రాయి, చెవి దగ్గర రొదపెట్టే జోరీగ, కంట్లో నలుసు, కాల్లో దిగిన ముల్లు... వీటన్నిటినీ వరసగా నిలబెట్టి, వాటి సరసన ఇంట్లో పోరును కూడా చేర్చిన పద్యం చదివి నవ్వని సంసారి ఉండడు. ఎర్రటి ఎండలో రాళ్లదారిన నడిచినవాడికి ఎదురయ్యే సంగతులవి. వాడుక వస్తువుల మీద ఇంత చిన్న జాగాలో ఇంత నవ్వు పండించిన కవి తెలుగులో మరొకరు లేరని నా నమ్మకం.

వేమన పద్యాల ఛందస్సయిన ఆటవెలది మొదటి పాదంలో గణాలను బట్టి 12 నుంచి 17 అక్షరాలు పడతాయి. తెలుగు హైకూ మొత్తానికి 5-7-5 లెక్కన 17 అక్షరాలే.

మంత్రాలయంలో తుంగభద్ర స్నానం ముగించుకుని, చెప్పులు అప్పగించి, రాఘవేంద్రస్వామి బృందావన దర్శనానికి వరసలో నిలబడితే హైకూ అక్కడే దొరుకుతుంది:

చెప్పులకేమో
నంబరు దొరికింది
నాకే లేదింకా

జపానువారు దీన్ని హైకూ అనరు, సెన్ర్యూ అంటారు. హైకూలో ఋతువు జాడ ఉండాలి. సెన్ర్యూకి మనుషుల తంటాలు చాలు. కరాయ్ సెన్ర్యూ (1718–1790) అనే ఆయన పేరే ఆ ప్రక్రియకు నిలిచిపోయింది. ఆయన ఎంచిన పద్యాలతో తొలి సంపుటం 1765లో వచ్చింది.

మరి దీన్నేమనాలి?

కుళాయి కాడ
మాకంటే ముందొచ్చిన
ఓటి బిందెలు

తంటా ఉంది, ఋతువూ ఉంది. సీమలో ఎండాకాలం వచ్చిందనడానికి ఖాళీ బిందెల వరస కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. మనిషి రాకముందే మనిషికి బదులు బిందె వచ్చి చోటు పట్టుకుంటుంది.

ఇదే సీమలో, 1820లో కడపకు వచ్చిన ఇంగ్లిషు అధికారి సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో అచ్చువేయించాడు. 

పొట్టి పద్యం మీద మోజు తర్వాతి కవులకూ ఉంది. కవి ఇస్మాయిల్ హైకూల పుస్తకం పేరు ‘కప్పల నిశ్శబ్దం’. నాలుగు పాదాల్లో 20 నుంచి 25 అక్షరాలుండే ‘నానీల’ను ఎన్. గోపి మొదలుపెట్టారు. ఆయన డాక్టరేట్ పరిశోధన ఎవరి మీద అనుకున్నారు? వేమన మీదే! పొట్టి పద్యం రుచి ఆయనకు అక్కడే తగిలి ఉంటుంది.

ఇక లెక్క సంగతి. మనం అక్షరాలు లెక్కపెడతాం. జపానువారి లెక్క మన మాత్రలకు దగ్గర: దీర్ఘం రెండు, ద్విత్వానికి అదనంగా ఒకటి. మనకు ‘అమ్మ’ రెండక్షరాలు, ఆ పద్ధతిలో మూడు. ఈ కింది పొరకను వేళ్ల మీద రెండు రకాలుగానూ లెక్కపెట్టి చూడండి:

ఇల్లంతా ఊడ్చి
మూలకు నక్కుతుంది
పాపం పొరక

మన లెక్కలో సరిగ్గా 17. జపాను లెక్కలో ఇదే గీత దాటేస్తుంది.