బాగుచేయించిన కంప్యూటరు మూగబోతే

సంఘం కంప్యూటరుకు కొత్త మదర్‌బోర్డు వేయించి తెచ్చిన తర్వాత ఒక్కొక్కప్పుడు బొమ్మ కనబడుతుంది గాని శబ్దం రాదు. పశువుల డాక్టరు పాఠం పెడితే పెదవులు కదులుతాయి, మాట వినబడదు. వెంటనే సౌండు కార్డు కొననవసరం లేదు. సంఘం సొమ్మంటే సభ్యుల పాల సొమ్మే. అందువల్ల ఖర్చు లేని పరీక్షలు ముందు చేయవలసిందిగా కోరుతున్నాము.

1. స్పీకర్లను వేరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. అక్కడ మోగితే అవి మంచివే.

2. స్పీకరు తీగను పెట్టె వెనుక ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చాలి. గులాబి రంధ్రం మైకుకు.

3. మానిటరుకు హెచ్‌డీఎంఐ తీగ ఉంటే, బొమ్మతోపాటు శబ్దం కూడా దాని వెంటే పోవచ్చు. మానిటరులో స్పీకర్లు లేకుంటే ఏమీ వినబడదు. విండోస్ తెర కింద కుడి మూలనున్న స్పీకరు గుర్తు నొక్కి, మానిటరుకు బదులు స్పీకర్లను ఎంచుకోండి.

4. ఆ జాబితాలో స్పీకర్లు కనబడకుంటే సాధారణంగా డ్రైవరు లోపం. బోర్డు మారినప్పుడు శబ్దపు చిప్ కూడా మారుతుంది. పాత డ్రైవరు దానికి పనికిరాకపోవచ్చు. బోర్డు మోడల్ నంబరు చూసి, తయారీదారు వెబ్‌సైటు నుండి ఉచితంగా తీసుకోవచ్చు. అప్పటికీ రాకుంటే బయాస్‌లో ఆడియో ఆపి ఉందేమో చూడాలి.

5. వెనుక మోగి ముందువైపు మోగకపోతే, పెట్టె లోపలి ఆడియో తీగ బోర్డుకు తగిలించి ఉండకపోవచ్చు. కరెంటు ప్లగ్గు తీసిన తర్వాతే పెట్టె విప్పాలి.

ఇకమీదట మరమ్మతు చేయించినప్పుడు, శబ్దం విన్న తర్వాతే కార్యదర్శులు బిల్లు చెల్లించడం మంచిది.